దిక్సూచి గారు ఊరు చూపించిన వైనం

మునిసిపల్ ఆఫీసులో పటాలు గీసి గీసి రిటైరైన ఆ పెద్దమనిషిని ఊళ్లో అందరూ దిక్సూచి గారనే పిలుస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, పటాల పని కదా, ఎవరో గౌరవంగా ఇచ్చిన బిరుదేమో అనుకుంటారు. ఆయన కూడా వాళ్ల మంచి అభిప్రాయాన్ని పాడుచేయరు. అసలు సంగతి వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మధ్యాహ్నం భోజనానికని బయటికి వెళ్లిన మనిషి తిరిగి ఆఫీసుకు రాలేకపోయారు. వీధులన్నీ చుట్టి, ఎండకు వాడిపోయి, సాయంత్రానికి పోలీస్ స్టేషన్ మెట్లెక్కి, "అయ్యా, మునిసిపల్ ఆఫీసు ఎటు?" అని అడిగారు. కానిస్టేబుల్ ఆయన భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఎదురుగా ఆఫీసు. ఆఫీసు మెట్ల మీద టీ తాగుతూ తోటి ఉద్యోగులు. ఆ పూట పెట్టిన పేరు సర్వీసంతా ఆయన్ను వదల్లేదు. "ఈ ఊళ్లో దారి తప్పకుండా నన్ను చేరుకునేది ఆ పేరొక్కటే" అని ఆయనే నవ్వేవారు.

పటాల విషయంలో మాత్రం ఆయన చేతికి తిరుగులేదు. కాగితం మీద ఊరు బుద్ధిగా బల్ల మీద పడుకుని ఉండేది. పైన ఉత్తరం, కింద దక్షిణం, మధ్యలో గడియార స్తంభం. ఏ సందు ఏ వీధిలో కలుస్తుందో కళ్లు మూసుకుని గీసేవారు. తీరా రోడ్డు మీదికి వచ్చేసరికి పడుకున్న ఊరు లేచి నిలబడేది. గోడలు, గేట్లు, గుమ్మాలు, కుక్కలు. ఉత్తరం ఎటు పోయిందో తెలిసేది కాదు. పై నుంచి చూస్తే గుర్తుపడతాను గానీ నేల మీద నిలబడి గుర్తుపట్టాలంటే కష్టం, నేను పక్షిగా పుట్టాల్సింది, పొరపాటున మునిసిపాలిటీలో పుట్టాను అనుకునేవారు.

ఈ లోపం ఆఫీసు గేటు దాటి బయటపడకుండా ఇన్నేళ్లు నెగ్గుకొచ్చారంటే అది భార్య చలవ. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఇంజెక్షన్లు వేయడానికి, కట్లు మార్చడానికి స్కూటర్ వేసుకుని ఊళ్లో దూరని సందు లేదు. పొద్దున ఆయన్ను ఆఫీసు గేటు దగ్గర దింపేది, సాయంత్రం అదే గేటు దగ్గర ఎక్కించుకునేది. "నాకు తెలిసిన దిక్కు నువ్వొక్కదానివే" అని ఆయన అంటే, "మాటలకేం తక్కువ లేదు, గట్టిగా పట్టుకోండి, మలుపుంది" అనేది.

అంతా సవ్యంగానే గడిచిపోయేది. కానీ రిటైర్మెంటు సభలో మెడలో దండ పడేసరికి ఆయన నోరు జారింది. మైకు ముందు నిలబడి, "ఈ ఊళ్లో నా కలం కింద నుంచి పోని సందు ఒక్కటి కూడా లేదు" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ ఊపులో, "కళ్లకు గంతలు కట్టి వదిలినా ఇల్లు చేరతాను" అని కూడా అనేశారు. వెనక వరసలో కూర్చున్న భార్య చేతిసంచిలో మొహం దాచుకుంది. ముందు వరసలో కూర్చున్న లైబ్రరీ మేడమ్ మాత్రం ఆ మాటను జాగ్రత్తగా మనసులో దాచుకుంది.

లైబ్రరీ మేడమ్ అంటే చిన్నపిల్లే. పుస్తకాల కోసం ఎవరూ రావడం లేదని బెంగపెట్టుకుని, ఆదివారాలు జనాన్ని వెంటబెట్టుకుని పాత ఊరంతా నడిపిస్తూ చరిత్ర చెప్పించాలని ఒక ఏర్పాటు చేసింది. హైస్కూల్లో పనిచేసి మానేసిన హెడ్‌మాస్టర్ గారు చరిత్ర రాసుకుని సిద్ధంగా ఉన్నారు. పోస్టర్లు అంటించారు, జనం పేర్లిచ్చారు. సరిగ్గా అప్పుడు హెడ్‌మాస్టర్ గారు మెట్లు దిగుతూ కాలు మడతపడి మంచమెక్కారు. ఆ అమ్మాయి ఆయన రాసిన కాగితాలు పట్టుకుని తిన్నగా దిక్సూచి గారింటికి వచ్చింది.

"చరిత్రంతా ఇందులో ఉంది సార్. చదివేస్తే చాలు. కాకపోతే దారి తెలిసిన మనిషి కావాలి. మీరు తప్ప నాకింకో దిక్కు లేదు."

వంటగదిలోంచి భార్య గట్టిగా దగ్గింది. ఆ దగ్గుకు అర్థం ఆయనకు తెలుసు. ఒద్దనండి, మోకాలు నొప్పనండి, ఏదో ఒకటనండి అని. కానీ ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఆయన వైపు చూస్తున్న చూపులో రిటైర్మెంటు సభ నాటి చప్పట్లు వినిపించాయి.

"దానికేముందమ్మా, అలాగే" అన్నారు.

ఆ అమ్మాయి గేటు దాటిందో లేదో భార్య బయటికి వచ్చింది. "దానికేముందో మీకు తెలుసా? పెరటి గుమ్మంలోంచి బయటికి వదిలితే వీధి గుమ్మానికి రావడం రాదు మీకు."

"ఒక్క ఆదివారమే కదా."

"ఒక్క ఆదివారం చాలు, పరువు పోవడానికి. పదండి, స్కూటరెక్కండి."

ఆ వారమంతా సాయంత్రాలు ఆవిడ ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆ దారినే తిప్పింది. ఆయన గుర్తులు పెట్టుకున్నారు. ఎర్ర బోర్డున్న సెలూన్ దగ్గర కుడికి. తెల్ల కారు ఆగివున్న చోట ఎడమకి. గోధుమరంగు కుక్క పడుకున్న అరుగు దాటగానే మళ్లీ ఎడమకి. నీలం చీర ఆరేసిన మేడ కనిపిస్తే నేరుగా. ఇంత తెలివైన పద్ధతి ఇన్నాళ్లూ తనకు తోచనందుకు తన మీద తనకే జాలేసింది. ఆరేసిన చీర ఆరాక తీసేస్తారన్న సంగతి ఆ పద్ధతిలో లేదని మాత్రం తట్టలేదు.

ఆదివారం పొద్దున లైబ్రరీ ముందు ఒక చిన్న గుంపు తయారైంది. కొత్తగా కాపురానికొచ్చిన జంట ఒకటి, కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్ గారు, ఇంకా నలుగురైదుగురు. అందరికంటే ముందు నల్లగొడుగు పట్టుకున్న ఒక ముసలావిడ నిలబడి ఉంది. రోజూ కాసేపు నడవమని డాక్టరు చెప్పాడట. ఒంటరిగా నడిస్తే విసుగు, కోడలితో నడిస్తే ఇంకా విసుగు, అందుకని వచ్చానంది. గుంపంతా ఆవిణ్ణి గొడుగు బామ్మ అనుకున్నారు.

దిక్సూచి గారు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకున్నారు. గడియార స్తంభం దగ్గర హెడ్‌మాస్టర్ గారి కాగితాలు విప్పి గొంతు సవరించుకుని చదివారు. గడియారం ఎవరు పెట్టించారు, దాని గంట ఎక్కడ పోత పోశారు, అంతా కళ్లకు కట్టినట్టు వచ్చింది. లెక్చరర్ గారు తలాడించారు. కొత్త పెళ్లికూతురు ఫొటో తీసింది. గడియార స్తంభం ఎక్కడి నుంచి చూసినా కనిపిస్తుంది కాబట్టి ఆయన ధైర్యం కూడా అంత ఎత్తున ఉంది.

అక్కడి నుంచి సెలూన్ వీధిలోకి తిరగాలి. ఎర్ర బోర్డు కోసం చూశారు. నిన్నటికి నిన్న సెలూన్‌వాడు దానికి పసుపు రంగు వేయించాడు. దిక్సూచి గారు ఎర్ర బోర్డు కోసం నడుస్తూనే పోయారు. చివరికి మందుల షాపు ముందు ఎర్ర బోర్డొకటి కనిపించింది, ప్రాణం లేచొచ్చినట్టయి కుడికి తిరిగారు. తెల్ల కార్లు ఆ వీధిలో ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. అందులో నచ్చినదాని దగ్గర ఎడమకి తిరిగారు. కుక్క అరుగు మీద లేదు. అది రోడ్డుకు అవతల నీడలో పడుకుని, ఇక నీ ఇష్టం అన్నట్టు ఆయన వైపు ఓ చూపు చూసి కళ్లు మూసుకుంది.

దిక్సూచి గారు ఆగలేదు. ఆగితే దొరికిపోతారు. చెక్క బాల్కనీ ఉన్న ఒక పాత ఇంటి ముందు నిలబడి, కాగితంలో చెక్క బాల్కనీ అన్న మాట వెతుక్కుని, "ఇది ఈ ఊరి మొదటి డాక్టరు గారి ఇల్లు. రోగులు ఈ వాకిట్లోనే బారులు తీరేవారు" అని చెప్పారు. అందరూ ఆ వాకిలిని భక్తిగా చూశారు. మళ్లీ నడక. ఒక మలుపు, రెండో మలుపు, గాలాడని ఇరుకు సందు, మళ్లీ వెలుతురు. ఎదురుగా చెక్క బాల్కనీ ఉన్న ఇల్లు. కాగితంలో అలాంటి ఇల్లు ఇంకొకటి ఉంది. "ఇది పేరుమోసిన లాయరు గారి ఇల్లు. ఈ బాల్కనీలోంచే ఆయన కక్షిదారులతో మాట్లాడేవారు" అన్నారు.

గొడుగు బామ్మ గొడుగు చివరతో గేటు మీద టకటకా కొట్టింది. "నాయనా, ఇందాక ఈ ఇల్లు డాక్టరుదన్నావు."

"అది వేరే ఇల్లు బామ్మగారూ."

"గేటుకి అదే విరిగిన గొళ్లెం. మెట్ల మీద అదే చెప్పుల జత. ఎడమ చెప్పు బోర్లా పడుంది, ఇందాకా అలాగే ఉంది."

గుంపంతా చెప్పుల వైపు చూశారు. తర్వాత దిక్సూచి గారి వైపు చూశారు. డాక్టరు గారు పోయాక ఆ ఇల్లు లాయరు గారు కొన్నారని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ తర్వాత వచ్చే మలుపు తెలియనివాడు అబద్ధమాడి మాత్రం ఎంతదూరం పోతాడు? కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నాకు దారి తెలియదండీ" అన్నారు. "ఇప్పుడే కాదు, ఎప్పుడూ తెలియదు. ఈ ఊరి పటం ముప్పాతిక జీవితం గీశాను. ఊళ్లోకి వదిలితే పిల్లాడిలా తప్పిపోతాను. నా పేరు దిక్సూచి అని మీరంతా వినే ఉంటారు. అది బిరుదు కాదు, ఎగతాళి."

లైబ్రరీ మేడమ్ మొహం పాలిపోయింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అంతలో గొడుగు బామ్మ కిసుక్కున నవ్వింది.

"మరీ మంచిది. తెలిసిన దారిలో నడవడానికి మా కోడలుంది. పద, ఎటుపోతే అటే."

నాలుగు గుమ్మాలు దాటాక లెక్చరర్ గారు ఫోను తీసి దారి చూశారు. మనమిప్పుడు కాలువ మధ్యలో నిలబడి ఉన్నామని ఫోను చెప్పింది. ఆయన కిందికి చూసుకుని, తడిలేదని నిర్ధారించుకుని, ఫోను లోపల పెట్టేశారు. దిక్సూచి గారి ఫోను మోగింది. భార్య.

"ఎక్కడున్నారు?"

"ఒక ఆకుపచ్చ గేటు ముందు."

"ఊళ్లో గేట్లన్నీ ఆకుపచ్చే. ఇంకేం కనిపిస్తోంది?"

"గేటు మీద కుక్క ఉన్నది జాగ్రత్త అని రాసుంది."

"కుక్కుందా?"

"ఉంది. మమ్మల్నే చూస్తోంది."

"అక్కణ్ణించి కదలకండి" అని ఆవిడ పెట్టేసింది. కానీ కుక్క కదిలింది. అందుచేత వీళ్లూ కదలక తప్పలేదు. చరిత్ర నడక కాస్తా చరిత్ర పరుగైంది. గొడుగు బామ్మ గొడుగు విప్పి కుక్కకు అడ్డం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చింది. కొత్త పెళ్లికొడుకు దొరికిన మొదటి తలుపు తోశాడు. అందరూ లోపలికి తోసుకొచ్చి తలుపేసుకున్నారు.

లోపలంతా ఆవిరి. గంజి వాసన, వేడి బట్టల వాసన. అది ఒక లాండ్రీ. పొడవాటి రేకుల షెడ్డు. ఇస్త్రీ బల్ల వెనక నడుం బిగించుకుని నిలబడిన లాండ్రీ ఆవిడ ఇంతమందిని చూసి, "బట్టలేవి?" అంది.

"మేం బట్టల కోసం రాలేదమ్మా. దారి తప్పాం" అన్నారు దిక్సూచి గారు.

"ఇంతమందీనా? ఒకళ్లకి కూడా తెలియదా?"

"వాళ్లందర్నీ తప్పించింది నేనే."

ఆవిడ జాలిపడి కూర్చోమని బల్లలు చూపించింది. అప్పుడే లెక్చరర్ గారి చూపు షెడ్డు చివరకు పోయింది. అక్కడ మనిషికి రెట్టింపు ఎత్తున ఒక ఇనప చక్రం గోడకు ఆనుకుని, కింది సగం నేలలోని గుంటలోకి దిగి నిలబడి ఉంది. దాని చువ్వలన్నిటికీ హ్యాంగర్లు. హ్యాంగర్లకు చొక్కాలు.

"అదేమిటి?" అన్నారాయన గొంతు మారిపోయి.

"అదా? చక్రం. చొక్కాలు ఆరేస్తాం."

"అది కాదమ్మా, అసలు దేనిది?"

"ఏమో. మా మామగారు ఈ షెడ్డు కొన్నప్పుడే ఉందట. పీకిద్దామంటే షెడ్డే పడిపోతుందన్నారు. అలాగే ఉంచేశాం. చువ్వకు ఆరేస్తే మడత రాదు, మంచిదే."

దిక్సూచి గారు జేబులోంచి కాగితాలు తీశారు. నడక చివరలో ఒక ఖాళీ స్థలం ముందు నిలబడి చదవాల్సిన వాక్యం ఒకటి అందులో ఉంది. ఊరికి మొదట కుళాయి నీళ్లిచ్చిన పంపుహౌసు ఇక్కడ ఉండేది, ఇప్పుడు ఆనవాలు కూడా లేదు అని. ఆయన దాన్ని పైకి చదివారు. ఆనవాలు చొక్కాలు వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది. లెక్చరర్ గారు చక్రం ఇరుసు దగ్గర కూర్చుని, వేలితో మసి తుడిచి, నీళ్లు తోడే యంత్రానిదే, తోలు బెల్టు తిరిగే గాడి కూడా ఉంది చూడండి అంటూ పసిపిల్లాడిలా సంబరపడ్డారు. ఇంజన్ గది కూలగొట్టినా ఈ కొట్టం మిగిలిపోయి ఉంటుందని, దాన్నెవరూ లోపలికి వచ్చి చూసి ఉండరని ఆయన అన్నారు. నిజమే. దారి తెలిసినవాళ్లెవరికీ ఇటు రావాల్సిన పనేముంది?

గొడుగు బామ్మ గొడుగు పక్కన పెట్టింది. లేచి వెళ్లి చక్రం మీద చెయ్యి వేసింది.

"కుళాయిలొచ్చినప్పుడు నేను పరికిణీ వయసులో ఉన్నాను" అంది. "వీధి వీధంతా గంతులేసింది. మా అమ్మ ఏడ్చింది."

"సంతోషంతోనా బామ్మగారూ?" అంది లైబ్రరీ మేడమ్.

"సంతోషమా? కోపం. అమ్మకి బయటికెళ్లే పని బావి ఒక్కటే. మా నాన్న ఇంకెక్కడికీ పోనిచ్చేవాడు కాదు. బావి దగ్గర అమ్మకి నలుగురు స్నేహితురాళ్లు. పొద్దున వెళ్తే ఎండెక్కాక వచ్చేది, మొహం వెలిగిపోతూ. కుళాయి ఇంట్లోకి వచ్చింది, అమ్మ ఇంట్లోంచి బయటికి రావడం ఆగిపోయింది."

లాండ్రీ ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి దగ్గరికి వచ్చింది. "మరెలాగ?"

"ఎలాగేముంది, కుళాయి పాడుచేసేది. గుడ్డపేలిక కుక్కేది. మా నాన్న ఎవణ్ణో పిలిచి బాగుచేయించేవాడు. రెండు రోజులు బావికెళ్లి కబుర్లు చెప్పుకుని వచ్చేది, మళ్లీ ఇంకో పేలిక. ఈ ఊళ్లో ఏ కుళాయీ మా ఇంటి కుళాయంత సార్లు చెడిపోలేదు. పాపం, నాన్న పోయేదాకా ఆ పైపులనే తిట్టుకున్నాడు." బామ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "నువ్వా దాన్ని తెచ్చింది!" అని చక్రాన్ని అరచేత్తో ఒక్కటిచ్చింది.

దిక్సూచి గారు చేతిలోని కాగితాలు మళ్లీ చూశారు. హెడ్‌మాస్టర్ గారి కాగితాల్లో పంపు ఖర్చు ఉంది, ప్రారంభించిన అధికారి ఉన్నాడు, పేలిక లేదు. తన పటంలోనూ అంతే. బావి ఉన్నచోట ఆయన చిన్న సున్నా చుట్టేవారు. ఆ సున్నా చుట్టూ ఆడవాళ్లు నిలబడి నవ్వుకుంటున్నట్టు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు.

"ఇది తిరుగుతుందా?" అని ఎవరో అన్నారు. లాండ్రీ ఆవిడ చకచకా చొక్కాలన్నీ తీసేసింది. లెక్చరర్ గారు ఒకవైపు, కొత్త పెళ్లికొడుకు ఒకవైపు, మధ్యలో దిక్సూచి గారు, ముగ్గురూ కలిసి బలమంతా పెట్టి తోశారు. మొదట ఏమీ కాలేదు. తర్వాత నేలలోంచి ఒక మూలుగు. చక్రం బెత్తెడు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇరుసులో ఎన్నాళ్ల నాటిదో పేరుకున్న నల్లటి జిడ్డు ఒక్కసారిగా ఉబికి దిక్సూచి గారి తెల్లచొక్కా మీద పడింది.

"ఆరకముందే విప్పండి, లేకపోతే పోదు" అని లాండ్రీ ఆవిడ గద్దించింది. ఆయన విప్పేసి మళ్లీ చక్రం పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని భార్య వచ్చింది. కుక్క ఉన్న గేటు దగ్గర మొగుడు లేకపోవడంతో చుట్టుపక్కల ఇళ్లన్నిట్లో అడుగుతూ వచ్చింది పాపం. చూస్తే చరిత్ర చెబుతానని వెళ్లిన మనిషి బనియనుతో, నల్లటి చేతులతో, ఒక ఇనప చక్రాన్ని కౌగిలించుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు.

"ఏమండీ, ఏమిటిది?"

"పంపుహౌసు" అన్నారాయన.

ఆవిడ అందర్నీ ఒకసారి చూసి, ఆయన చేతుల మీదున్న మసి చూసి, "చక్రాన్ని తిప్పారా, చక్రం మిమ్మల్ని తిప్పిందా?" అంది. ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వింది దిక్సూచి గారే. సగం సిగ్గు, సగం తేలిక. ఇక దాచాల్సింది ఏమీ లేదు కదా.

ఆ నవ్వుతో సంగతి ముగిసిపోతుందని ఆయన అనుకున్నారు. ముగియలేదు. కొత్త పెళ్లికూతురు తీసిన ఫొటోలు ఊరంతా తిరిగాయి. తర్వాతి ఆదివారానికి లైబ్రరీ ముందు రెట్టింపు జనం.

"సార్, ఈ వారం కూడా దారి తప్పాలి" అంది లైబ్రరీ మేడమ్.

"ప్రయత్నం చేయక్కర్లేదమ్మా, దానంతటదే వస్తుంది."

వచ్చింది కూడా. ఒక వారం పాత ప్రింటింగ్ ప్రెస్ పెరట్లో తేలారు, అక్కడ అరిగిపోయిన సీసపు అక్షరాలతో ఒక ముసలాయన తన మనవరాలి పేరు పేర్చి చూపించాడు. ఇంకో వారం బాకాలు బాగుచేసేవాడి డాబా మీదికి ఎక్కారు, వాడు బాకా ఊదితే పక్క వీధిలో ఎవరో కిటికీ మూసిన చప్పుడు వినిపించింది. ఎక్కడికెళ్లినా దిక్సూచి గారి మొదటి మాట ఒక్కటే. దారి తప్పామండీ, కాస్త కూర్చోవచ్చా అని. ఆ మాటకు తలుపు మూసినవాళ్లు లేరు. జీవితమంతా దాచుకున్న అవలక్షణం ఇంత పనికొస్తుందని తెలిస్తే ముందే బయటపెట్టేవాణ్ణి అని ఆయన భార్యతో అన్నారు. "నేను పెట్రోలు పోసుకుని తిరిగినదంతా వృథానే అన్నమాట" అంది ఆవిడ.

అయితే వారం వారం నడుస్తుంటే ఒక ఉపద్రవం వచ్చి పడింది. ఆయనకు ఊరు తెలిసిపోవడం మొదలైంది. ఒక పొద్దున సందు మలుపు తిరగ్గానే, దీని చివర లాండ్రీ వస్తుందని కాళ్లకు ముందే తెలిసిపోయింది. ఆయన కంగారుపడ్డారు. వచ్చినవాళ్లు తప్పిపోవడానికి వచ్చారు. వాళ్లను నిరాశపరచడం ఎలా? అందుకని మలుపు దగ్గర ఆగి, నుదురు గోక్కుని, ఆకాశం వైపు చూసి, "ఎటబ్బా..." అన్నారు. నటన ఆయన అనుకున్నంత బాగా రాలేదు.

నడక అయ్యాక గొడుగు బామ్మ ఆయన్ను పక్కకు పిలిచింది. "నాయనా, నువ్వివాళ తప్పిపోలేదు."

"లేదండీ, ఆ మలుపు దగ్గర..."

"నిజంగా తప్పిపోయినప్పుడు నీ చెవులు ఎర్రబడతాయి. ఇవాళ పడలేదు."

ఆయన చెవులు అప్పుడు ఎర్రబడ్డాయి. దారి తెలియనందుకు సిగ్గుపడ్డ మనిషి ఇప్పుడు దారి తెలిసినందుకు సిగ్గుపడుతూ నిలబడ్డారు. నాలాంటి దిక్కుమాలినవాడికి రెండు వైపులా తిప్పలే అనుకున్నారు.

"నువ్వు వెనక నడువు" అంది బామ్మ. "ముందు ఎవరికి తెలియదో వాళ్లని నడవనీ."

అప్పటి నుంచి అదే పద్ధతి. మలుపు మలుపుకీ ఒకరు ముందుకొచ్చి ఎటో ఒక వైపు చెయ్యి చూపిస్తారు. దిక్సూచి గారు అందరి వెనక, బామ్మ గొడుగు నీడలో సగం నిలబడి, నిదానంగా నడుస్తారు. ఎవరింట్లో తేలితే అక్కడి సంగతి అడుగుతారు.

కాలు బాగయ్యాక హెడ్‌మాస్టర్ గారు కర్ర పట్టుకుని లైబ్రరీకి వచ్చారు. తన కాగితాల్లో ఆనవాలు లేదని రాసిన చక్రం నిలబడే ఉందని విన్నప్పటి నుంచి ఆయనకు మనసు మనసులో లేదు. దిక్సూచి గారిని చూసి, "మీరు దారి తప్పి నా చరిత్ర తప్పని తేల్చారు" అన్నారు కటువుగా. దిక్సూచి గారు చేతులు జోడించి, "అయ్యా, మీ కాగితాలు లేకపోతే అది చొక్కాలు ఆరేసుకునే చక్రమేనని మేమూ నమ్మి వచ్చేసేవాళ్లం" అన్నారు. అది నిజం కాబట్టి హెడ్‌మాస్టర్ గారి మొహంలో బిగువు కాస్త సడలింది. ఇద్దరూ కలిసే లాండ్రీకి వెళ్లారు. హెడ్‌మాస్టర్ గారు చక్రం చుట్టూ కర్ర ఊతంగా తిరిగి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ తిరిగి, ఇకమీదట నేను నడిపించే బృందాన్ని కూడా ఇక్కడికి తీసుకురావచ్చా అని లాండ్రీ ఆవిణ్ణి అడిగారు.

"బట్టలు తెస్తే తీసుకురండి. ఊరికే వస్తే నా పని పాడవుతోంది" అంది ఆవిడ.

అందుకే ఇప్పుడు ఆ ఊళ్లో చరిత్ర నడకకు వచ్చేవాళ్లంతా చంకలో ఒక నలిగిన చొక్కానో చీరనో పెట్టుకుని వస్తారు. పొద్దున హెడ్‌మాస్టర్ గారి బృందం తేదీలతో సహా నడుస్తుంది, సాయంత్రం దిక్సూచి గారి బృందం ఎటుపడితే అటు నడుస్తుంది. వారం మధ్యలో అందరూ వచ్చి ఎవరి బట్టలు వాళ్లు పట్టుకుపోతారు.

మొన్నామధ్య ఒక పొద్దున దిక్సూచి గారు పాలు కొనుక్కుని ఒంటరిగా వస్తున్నారు. ఎవరో అమ్మాయి ఎదురొచ్చి, ఆసుపత్రి ఎటండీ అని అడిగింది. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా, నేరుగా వెళ్లి మందుల షాపు దగ్గర ఎడమకి తిరగమ్మా అని చెప్పేశారు. ఆ అమ్మాయి దండం పెట్టి వెళ్లిపోయింది. నాలుగడుగులు వేశాక ఆయనకు చెమట పట్టింది. ఎడమేనా? ఎడమ అన్నది ఆ అమ్మాయి ఎడమా, నా ఎడమా? పాల ప్యాకెట్టు పట్టుకుని గబగబా వెనకాలే నడిచారు. ఆ అమ్మాయి వడివడిగా నడిస్తే ఈయనా వడివడిగా. మందుల షాపు దగ్గర ఆ అమ్మాయి చటుక్కున వెనక్కి తిరిగింది.

"ఏంటండీ, ఎందుకు వెంటపడుతున్నారు?"

"నేను చెప్పిన దారి కరెక్టో కాదో చూద్దామనమ్మా."

"చెప్పింది మీరే కదా!"

"చెప్పింది నేను కాబట్టే అనుమానం."

ఆ అమ్మాయి కాసేపు అనుమానంగా చూసి, తర్వాత నవ్వేసింది. ఇద్దరూ కలిసి ఎడమకి తిరిగారు. ఆసుపత్రి అక్కడే ఉంది. దిక్సూచి గారు గేటు ముందు ఆగిపోయి, బోర్డు మీద పేరు ఒకటికి రెండుసార్లు చదువుకుని, మెట్ల మీద కూర్చుని చాలాసేపు తనలో తను నవ్వుకున్నారు. చేతిలో పాలు అప్పటికే విరిగి ఉంటాయని ఆయనకు తెలుసు. ఇంటికెళ్లాక ఏం చెప్పాలో మాత్రం ఇంకా తెలియదు.